నేల మీద పడుకుని కొలిచిన మ్యాప్

మా వదిన నడిచి బతుకుతుంది. ఈ మాట మా అమ్మది. కోడలు ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరడిగినా అమ్మ ఇదే చెప్పి, వాళ్ళ మొహంలోకి ఒకసారి చూస్తుంది. "నడిస్తే జీతమిస్తారమ్మా. ఆఫీసుల్లో, ఆస్పత్రుల్లో, గోడౌన్లలో ఆ మూల నుంచి ఈ మూలకి నడిచి ఇంటికొస్తుంది. నేనూ జీవితమంతా వంటింట్లో నడిచాను, నాకెవరిచ్చారు?" అంటుంది.

నిజానికి వదిన పని, భవనాల లోపల వైర్‌లెస్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో, ఎక్కడ అందదో కొలిచి మ్యాప్ తయారుచేయడం. కొత్త భవనంలో సీలింగుకి వైఫై డబ్బాలు ఎక్కడెక్కడ బిగించాలో చెప్పేదీ ఆవిడే, బిగించాక అవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో తేల్చేదీ ఆవిడే. మెడలోంచి వేలాడే చిన్న బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, రైలు పెట్టెలో వస్తువులమ్మేవాళ్ళలా గది గదికీ తిరుగుతుంది. స్క్రీను మీద ఆ అంతస్తు ప్లాను ఉంటుంది. తను నిలబడిన చోటుని ప్లాను మీద నొక్కి, తిన్నగా నడిచి, ఆగిన చోట మళ్ళీ నొక్కుతుంది. ఆ రెండు నొక్కుల మధ్య అడుగులన్నీ ఒకే వేగంతో పడాలి. మధ్యలో తడబడితే ఈ గది సిగ్నల్ పక్క గదిలో ఉన్నట్టు నమోదవుతుంది. నడక అయ్యాక ప్లాను మీద రంగులు తేలతాయి. పచ్చగా ఉంటే బాగున్నట్టు, పసుపైతే పరవాలేదన్నట్టు, ఎరుపైతే అక్కడ ఫోను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

అందుకని రెండు నొక్కుల మధ్య ఆవిడ దేవుడొచ్చినా పలకదు. ఓసారి ఒక బ్యాంకు మేనేజరు ఎదురొచ్చి ఎంతో మర్యాదగా పలకరిస్తే, స్తంభాన్ని దాటినట్టు ఆయన్ని దాటిపోయింది. ఆయన మొహం మాడిపోయింది. గోడ దాకా వెళ్ళి, నొక్కి, వెనక్కొచ్చి, "ఇప్పుడు చెప్పండి సార్" అందట. ఆయన చెప్పాలనుకున్నది మర్చిపోయాడట.

నేను ఆవిడ ఆడపడుచుని. ఆడపడుచు పనిగట్టుకుని వదిన గురించి మంచి చెబుతోందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను: మా ఇద్దరికీ నోరెక్కువే. పెళ్ళయి ఆవిడ మా ఇంటికొచ్చిన పంతొమ్మిదేళ్ళలో మేం గొడవపడని నెల లేదు. మధ్యలో మా అన్నయ్య, స్కూలు వ్యాను నడుపుతాడు పాపం, రోజంతా ముప్పైమంది పిల్లల అరుపులు విని ఇంటికొచ్చి మా అరుపులు వింటాడు.

నేను నర్సుని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇప్పుడు ఒక పెద్దాస్పత్రిలో, పక్షవాతం వచ్చినవాళ్ళూ తుంటి విరిగినవాళ్ళూ మళ్ళీ నడక నేర్చుకునే వార్డుకి ఇన్‌ఛార్జిని. అంటే మా ఇంట్లో ఇద్దరం నడకల మీదే బతుకుతున్నామన్నమాట. ఇది అమ్మకి చెబితే, "ఆస్పత్రి వాళ్ళకి వేరే పనేం లేదా" అంది.

వదినకి ఈ నడక వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన నేలకి టైల్సు పరిచే మేస్త్రి. స్కూలు సెలవుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని పనికెళ్ళేవాడు. ఒక్కో టైలు రెండడుగుల పొడవు. ఆరిన నేల మీద టైలుకొక అడుగు చొప్పున వేసుకుంటూ గది పొడవు నోటితో చెప్పేయడం ఈవిడకి ఆట. ఆ అడుగు అలాగే నిలిచిపోయింది. ఇప్పుడు కూడా బజారులో ఆవిడ పక్కన నడిస్తే మనం ముందన్నా పోతాం, వెనకన్నా పడతాం, ఆవిడ వేగం మాత్రం మారదు. డిప్లొమా చదివి, కొన్నాళ్ళు ఫోన్లు బాగుచేసే షాపులో కూర్చుని, తర్వాత ఈ పనిలోకొచ్చింది. మొదట్లో కంపెనీలో అందరూ మగవాళ్ళే, ఆవిడ నడుస్తుంటే నవ్వుకునేవారట. మూడేళ్ళు తిరిగేసరికి వాళ్ళ మ్యాపులన్నీ ఆవిడ సరిచూశాకే బయటికి వెళ్ళడం మొదలైంది.

గోడని వేలితో తడితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తుంది. ఇది ఇటుక, ఇది ఉత్త జిప్సం పలక, ఇది కాంక్రీటు, దీని వెనక లిఫ్టు గుంట ఉంది. సిగ్నల్‌కి పగవాళ్ళెవరో వేళ్ళ మీద లెక్కపెడుతుంది. లోహం, అద్దాలు, నీళ్ళు. ఓసారి కొత్త గోడౌను కొలవమని పిలిచారు. ఖాళీగా ఉంది, త్వరగా అయిపోతుంది, కొలిచేయండి అన్నారు. "సరుకు నింపాక పిలవండి, అప్పుడొస్తాను" అని బల్ల మడిచి సంచిలో పెట్టేసుకుంది. యజమాని ఒంటికాలి మీద లేచాడు. వేరే కంపెనీ వాళ్ళని పిలిపించుకుని కొలిపించుకున్నాడు, మ్యాపంతా పచ్చగా వచ్చింది. ఆ తర్వాత పైకప్పు దాకా మంచినీళ్ళ సీసాల పెట్టెలు పేర్చాడు. మధ్య వరసల్లో పెట్టెల లెక్క తీసే వైఫై స్కానరు ఒక్కటీ పనిచేయలేదు. మళ్ళీ వదినకే ఫోను చేశాడు. వెళ్ళింది, కొలిచింది, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం మాతో వారం రోజులు అన్నది.

మొత్తానికి ఆవిడ మ్యాపు తప్పవడం నేను చూడలేదు, ఎవరూ చూడలేదు. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు. "మనుషులు అబద్ధమాడతారు, నా మ్యాపు ఆడదు" అని ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో.

ఇక మా వార్డు సంగతికొస్తాను. పాత వార్డులో ఒక పెద్దమ్మ ఉండేది. నలభై ఏళ్ళు చొక్కాలు కుట్టిన టైలరు. తుంటి ఎముక విరిగి, ఆపరేషనయి మా దగ్గరికొచ్చింది. చేతికర్ర పట్టుకుని బాత్రూముకి తనే వెళ్ళొస్తానని పంతం పట్టి, రెండు వారాల్లో సాధించింది కూడా. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ పడిపోయింది. లాగితే మా డెస్కు దగ్గర గంట మోగేలా గోడకి వేలాడదీసిన తాడు ఆవిడ పడిన చోటుకి నాలుగడుగుల దూరంలో ఉంది. అరిచింది, కానీ బయట ట్రాలీల చప్పుడు. నలభై నిమిషాలు ఆ నేల మీద ఉంది. ఆ పూట డ్యూటీలో ఉన్నది నేనే. పక్క గదిలో ఒకాయనకి అన్నం తినిపిస్తూ, నవ్వుతూ మాట్లాడుతున్నాను.

ఎముకకి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి పెద్దమ్మ ఒంటరిగా బాత్రూముకి వెళ్ళడం మానేసింది. మమ్మల్ని పిలవడానికి మొహమాటం. అందుకని మంచినీళ్ళు తాగడం తగ్గించేసింది. మూడో రోజు నాలుక పిడచకట్టుకుపోయి కనిపిస్తే అప్పుడు తెలిసింది నాకు. "తాగితే వెళ్ళాలి కదమ్మాయ్" అంది, అదేదో పెద్ద రహస్యమన్నట్టు. నేను బయటికొచ్చి మందుల గదిలో తలుపేసుకుని ఏడ్చాను.

అప్పుడే పైనవాళ్ళతో పోట్లాడి, కొత్తగా కడుతున్న వార్డుకి మెడలో వేసుకునే బటన్లు తెప్పించాను. రోగి ఎక్కడున్నా బటన్ నొక్కితే చాలు, అది వైఫై ద్వారా వెళ్ళి, మా డెస్కు దగ్గరున్న బోర్డు మీద ఆ గది నంబరు వెలిగి మోగుతుంది. ఇరవై రెండు గదులు, గదికొక బాత్రూము. సిగ్నల్ అన్ని మూలలకీ అందాలి. ఆ పని వదిన కంపెనీకి వచ్చింది. కొలవడానికి వదినే వచ్చింది.

ఆవిడ కొలుస్తున్న రోజు నేనూ వెనకాలే తిరిగాను. వరండా సీలింగుకి తొమ్మిది డబ్బాలు. ప్రతి గదీ, ప్రతి బాత్రూమూ, తలుపులు మూసి మరీ కొలిచింది. మ్యాపు చూపిస్తే పంటచేనులా ఉంది, ఒక్క ఎర్రచుక్క లేదు. వదిన కింద సంతకం పెట్టింది. ఆ కాగితం పట్టుకుని నేను పాత వార్డుకెళ్ళి పెద్దమ్మకి చూపించాను. "ఇక్కడ పచ్చగా ఉంది చూశారా, ఇదే మీ పద్నాలుగో గది బాత్రూము. ఇక్కడ బటన్ నొక్కితే నేను పరిగెత్తుకొస్తాను" అని చెప్పాను. ఆవిడ ఆ పచ్చరంగుని వేలితో తడిమి చూసింది. "అయితే ఒక్కదాన్నే వెళ్తాను" అంది. మాట తీసుకున్నట్టు నా చెయ్యి పట్టుకుంది.

సోమవారం వార్డు తెరవాలి. శుక్రవారం పొద్దున డ్రిల్లు పెట్టాం. ఎవరో ఒకరు పడిపోయినట్టు నటించాలి, మిగతావాళ్ళు ఎంతసేపటికి వస్తారో చూడాలి. "నేనే పడతాను" అన్నాను. పద్నాలుగో గదినే ఎంచుకున్నాను. మెడలో బటన్ వేసుకుని లోపలికెళ్ళి తలుపు మూసి, మామూలుగా మనుషులు ఎలా పడతారో అలాగే ముందుకి, బోర్లా పడుకున్నాను. బటన్ నా ఛాతీ కింద ఇరుక్కుంది. చెయ్యి దూర్చి నొక్కాను.

ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కాను. బయట మా నర్సుల మాటలు వినిపిస్తున్నాయి, "సిస్టరింకా నొక్కలేదేంటి?" అనుకుంటున్నారు. లేచి వెళ్ళిపోవచ్చు. కానీ నాలో ఏదో మొండితనం పుట్టింది, చూద్దామని అలాగే ఉండిపోయాను. ఐదు నిమిషాలు. చెంపకి టైలు చల్లగా తగులుతోంది. నటనేనని తెలుసు, కాళ్ళూ చేతులూ బాగున్నాయి, తలుపుకి గడియ కూడా లేదు. అయినా తలుపు కేసే చూస్తున్నాను. పెద్దమ్మ నలభై నిమిషాలు ఇలాగే ఉంది.

లేచి, ఇంకో మూడు బటన్లు తెచ్చుకుని, మళ్ళీ అలాగే బోర్లా పడుకుని నొక్కి చూసి, వదినకి ఫోను చేశాను.

"వదినా, పద్నాలుగో గదిలో నీ సిగ్నల్ లేదు."

"బటన్‌లో చార్జింగు చూసుకో."

"నిండా ఉంది."

"అయితే బటనే పాడయ్యుంటుంది. వేరేది పెట్టి చూడు."

"మూడు మార్చాను వదినా. ఏదీ మోగలేదు."

"నా మ్యాపులో ఆ బాత్రూము పచ్చగా ఉంది."

"నీ మ్యాపుని బాత్రూములో పడుకోబెట్టి నొక్కించు మరి!"

ఎందుకలా అన్నానో నాకే తెలీదు, కోపంలో నోటికొచ్చింది అనేశాను. అవతల ఫోను పెట్టేసింది. గంటలో మనిషి వార్డులో ఉంది. ఇంకో ఆఫీసులో పని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, మెడలో బల్ల. నన్ను పలకరించకుండా నేరుగా పద్నాలుగో గది బాత్రూములోకెళ్ళి, మధ్యలో నిలబడి, నా బటన్ తీసుకుని నొక్కింది. డెస్కు దగ్గర బోర్డు టింగుమంది. మా నర్సులందరూ నా వైపు చూశారు.

"విన్నావా?" అంది వదిన.

 అప్పుడు నా చెంపకి తగిలిన చల్లటి టైలు గుర్తొచ్చింది. "నువ్వు నిలబడి నొక్కావు వదినా," అన్నాను. "నేను పడి నొక్కాను."

 ఆవిడ నన్నొకసారి, నేలనొకసారి చూసింది. మెడలో బల్ల తీసి నా చేతికిచ్చి, బటన్ తన మెడలో వేసుకుని, "తలుపు మూసి డెస్కు దగ్గరకి వెళ్ళు" అంది. నేను తలుపు మూస్తుండగా ఆ తెల్ల చొక్కాతో తడి నేల మీద మోకాళ్ళ మీదకి దిగుతోంది.

"మోగిందా?" అని లోపల్నుంచి అరిచింది.

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు."

"ఇప్పుడో?"

"లేదు వదినా."

వెళ్ళి తలుపు తీశాను. నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఆవిడ అలా కూర్చోవడం ఎప్పుడూ చూడలేదు. తలుపు అడుగుభాగం మీద వేలితో కొట్టింది. ఖంగుమంది. చక్రాల కుర్చీలు తగిలి చెక్క పగలకుండా ప్రతి బాత్రూము తలుపుకీ కింద మోకాలెత్తు స్టీలు రేకు వేయించాం.

"నిలబడితే సిగ్నల్ ఈ రేకు పైనుంచి వస్తుంది," అంది. "పడితే రేకు అడ్డం. బోర్లా పడితే దానికి తోడు ఒళ్ళు అడ్డం, ఒళ్ళంటే నీళ్ళ మూటే కదా. ఇన్నేళ్ళుగా ఛాతీ ఎత్తులో కొలుస్తున్నాను. ఫోను పట్టుకునేవాడు నిలబడో కూర్చునో ఉంటాడని. మా పనిలో అందరూ అలాగే కొలుస్తారు. కానీ ఈ బటన్ నొక్కేవాళ్ళు నిలబడి ఉండరు కదే. నిలబడగలిగితే ఎందుకు నొక్కుతారు?"

"ఆ రేకులు వేయించమని పట్టుబట్టింది నేనే," అన్నాను నెమ్మదిగా.

"తెలుసు. దాని సంగతి ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం," అని లేచి చొక్కా దులుపుకుంది.

మా సూపరింటెండెంటు మంచివాడే కానీ సోమవారం ప్రారంభానికి పెద్దవాళ్ళనందరినీ పిలిచి కూర్చున్నాడు. మేమిద్దరం ఆయన గదిలోకి వెళ్ళేసరికి రిబ్బను రంగు గురించి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. వదిన ఆగింది, ఆయన ఫోను పెట్టగానే చెప్పేసింది.

"సార్, మీ వార్డు మ్యాపు మీద నేను పెట్టిన సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. నేల మీద పడినవాళ్ళకి సిగ్నల్ అందట్లేదు."

 ఒక్క బాత్రూమే కదా, మిగతావి తెరిచి దాన్ని మూసేద్దామన్నాడాయన. ఒకటో ఇరవయ్యో నేల మీద కొలిస్తే గానీ చెప్పలేనని వదిన అంది. ఒప్పందం కాగితాల్లో నేల మాట ఎక్కడా లేదే అన్నాడు. లేదు, నాకు తట్టలేదు అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అమ్మా, మీ తప్పని మీరే వచ్చి చెబుతున్నారు. రేపు మీ కంపెనీలో మీ మాటేమవుతుందో ఆలోచించారా?"

"నా తప్పు కాబట్టే తేలిగ్గా ఒప్పుకుంటున్నాను సార్. మీదయితే మిమ్మల్ని ఒప్పించడానికి నెల పట్టేది."

ఆయనకి నవ్వు ఆగలేదు. వారం రోజులిస్తానన్నాడు. బయటికొచ్చాక నేను వదిన మొహంలోకే చూస్తున్నాను. నా చేతిలోంచి బల్ల లాక్కుని, "ఏం చూస్తున్నావు, పద" అంది. ఇంత ధైర్యం నాకుంటే ఆ రోజు పెద్దమ్మ గురించి రాసిన రిపోర్టులో 'కొంత ఆలస్యం' అని కాకుండా నలభై నిమిషాలని రాసేదాన్ని. అది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

శనివారం పొద్దున్నే పని మొదలుపెట్టాం. ఇరవై రెండు బాత్రూములు, ఒక్కోదాంట్లో వెల్లకిలా, బోర్లా, కుడిపక్కకి, ఎడమపక్కకి. వదిన లోపల పడుకోవడం, నేను తలుపు మూసి ల్యాప్‌టాప్‌లో పడిన అంకె రాసుకోవడం. ఆ అంకెల ముందు ఎప్పుడూ మైనస్ ఉంటుంది, మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ చచ్చుబడుతుంది. ఈ బటన్లకి డెబ్బై దాటితే కష్టం. పద్నాలుగో గదిలో నిలబడితే అరవై మూడు, బోర్లా పడుకుంటే ఎనభై నాలుగు.

నాలుగో గది దగ్గర వదిన ఆగింది. "నేను సన్నగా ఉన్నాను. లావుపాటి మనిషి పడితే ఇంకా తగ్గుతుంది. మీ అన్నయ్యని పిలువు" అంది.

అన్నయ్యకి శనివారం సెలవు. ఏమైందో ఏమోనని కంగారుగా వచ్చాడు. విషయం చెబితే బొజ్జ నిమురుకున్నాడు. "ఇన్నాళ్ళూ ఇద్దరూ కలిసి దీన్ని తగ్గించమని నా ప్రాణం తీశారు. ఇవాళ దీనికే పని పడింది చూశారా," అని దర్జాగా మొదటి బాత్రూములోకి నడిచాడు. తొమ్మిదో దాంట్లో నిద్రపోయాడు. తలుపు తడితే, "ఉండవే, ఇక్కడ హాయిగా ఉంది, పిల్లల గోల లేదు" అన్నాడు. వదిన నవ్వింది. రెండు రోజుల్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి.

ఆదివారం మధ్యాహ్నానికి కొత్త మ్యాపు తేలింది. నిలబడి కొలిచిన మ్యాపు పక్కన దాన్ని పెట్టి చూస్తే రెండూ ఒకే వార్డువంటే నమ్మలేం. ఇరవై రెండింటిలో పదమూడు ఎరుపు. లిఫ్టు వైపున్న వరస మొత్తం.  శుక్రవారం నేనొక్కదాన్నీ ఏ ఆరో గదిలోనో పడుకుని ఉంటే బోర్డు మోగేది, అందరం చప్పట్లు కొట్టుకుని టీ తాగేవాళ్ళం.

వదిన మాత్రం మ్యాపు చూస్తూ కుదుటపడింది. ఎరుపు ఎక్కడుందో తెలిశాక ఆవిడకి భయం ఉండదు. "సీలింగులో ఎన్ని పెట్టినా లాభం లేదు. సిగ్నల్ కిందకి రావాలి, తలుపు లోపలి నుంచి రావాలి," అని, ప్రతి రెండు గదుల బాత్రూములకీ మధ్య ఉన్న గోడలో, మోకాలెత్తులో ఒక చిన్న డబ్బా చొప్పున పదకొండు డబ్బాలు గుర్తుపెట్టింది. అవి ఇటుక గోడలు, తట్టి చూసుకుంది. నీళ్ళు పడకుండా మూతలు. తీగలు లాగే ఎలక్ట్రీషియన్ మోకాలెత్తులో డబ్బాలేంటి మేడమ్, ఎక్కడా చూడలేదే అంటే, ఆయన్ని కూడా ఒక బాత్రూములో పడుకోబెట్టి బటన్ నొక్కించింది. ఆ తర్వాత ఆయనే గోడల మీద మోకాలెత్తులో గీతలు పెట్టడం మొదలెట్టాడు. గురువారానికి పని ముగించాడు.

శుక్రవారం మళ్ళీ అన్నీ పడుకుని కొలిచాం. అన్నయ్య స్కూలుకి సెలవు పెట్టాడు. పద్నాలుగో గదిలో అన్నయ్య బోర్లా పడి, బటన్ బొజ్జ కిందకి తోసి నొక్కితే, డెస్కు దగ్గర బోర్డు టింగుమంది. అరవై ఆరు. వదిన కొత్త మ్యాపు కింద సంతకం పెట్టి, పక్కనే 'నేల మీద కొలిచినది' అని చేత్తో రాసింది. అప్పటి నుంచి వాళ్ళ కంపెనీ ఫారాల్లో ఆ గడి అచ్చయి వస్తోంది. దాని వెనక మా అన్నయ్య బొజ్జ ఉందని అక్కడెవరికీ తెలీదు.

పెద్దమ్మకి వారం ఆలస్యం ఎందుకైందో నేను దాచలేదు. ఆ పచ్చ మ్యాపు తప్పని, నేను మాటిచ్చిన చోటే సిగ్నల్ లేదని చెప్పాను. ఆవిడ నమ్మకం పోతుందని భయపడ్డాను, పోయింది కూడా. కొత్త వార్డుకి మారినా పది రోజులు ఒంటరిగా కదల్లేదు. మేమెవరైనా వచ్చేదాకా మంచం అంచున కూర్చుని తలుపు కేసి చూసేది. నీళ్ళ గ్లాసు ఎప్పుడు చూసినా సగానికి పైనే ఉండేది. బతిమాలాను, కోప్పడ్డాను, ఏం లాభం లేకపోయింది.

ఒకరోజు వదినే వచ్చింది. ఎవరూ పిలవలేదు. పెద్దమ్మ మంచం పక్కన నిలబడి, "మీ బాత్రూము మ్యాపు తప్పుగా గీసింది నేనేనండీ" అంది.

పెద్దమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. "కుట్టేవాళ్ళకి కొలత తప్పితే చొక్కా పాడవుతుంది. నీ పనిలో తప్పితే?"

"మీరు నేల మీద ఉండిపోతారు."

"మరి ఇప్పుడు సరిగ్గా కొలిచావా?"

"మీరు పడుకోబోయే చోట నేను పడుకుని కొలిచానండీ. నాలుగు వైపులా."

 పెద్దమ్మ చేతికర్ర అందుకుంది. మమ్మల్ని రావద్దని చేత్తో చెప్పి, ఒక్కతే బాత్రూములోకి వెళ్ళి తలుపు మూసుకుంది. మేమిద్దరం బయట నిలబడ్డాం.  నాలుగు నిమిషాల తర్వాత పెద్దమ్మ బయటికొచ్చి, "ఇంకా ఇక్కడే ఉన్నారా, పనులు లేవా?" అంది.

ఆ తర్వాత రోజూ ఒంటరిగానే వెళ్ళొచ్చేది. సరిగ్గా మూడు వారాలకి, మధ్యాహ్నం మందులిస్తుంటే బోర్డు మోగింది. పద్నాలుగు. ట్రే ఎక్కడ పెట్టానో గుర్తులేదు. తలుపు తీసేసరికి పెద్దమ్మ నేల మీద బోర్లా ఉంది, ఒక చెయ్యి ఒంటి కింద. చేతికర్ర జారిందట. మెల్లగా ఒత్తి చూశాను, ఎక్కడా నొప్పి లేదు. నా వెనకే ఇంకో నర్సు వచ్చింది, ఇద్దరం కలిసి లేపి కూర్చోబెట్టాం.

"భయపడ్డారా పెద్దమ్మా?" అన్నాను. 

"భయపడదామనుకునేలోపు వచ్చేశావు కదే," అంది విసుగ్గా. "ముందు జుట్టన్నా సర్దుకోనీ."

సాయంత్రం దాకా ఆగలేకపోయాను. వరండా చివరికెళ్ళి వదినకి ఫోను చేశాను. ఏదో భవనంలో నడుస్తున్నట్టుంది, ఎత్తలేదు. అర నిమిషం తర్వాత తనే చేసింది.

"పెద్దమ్మ పడింది వదినా. ఏం కాలేదు. బోర్డు మోగింది, వెంటనే వెళ్ళాను."

"ఎలా పడింది?"

"బోర్లా. బటన్ ఒంటి కింద ఉంది."

 అవతల ఎక్కడో తలుపు మూసుకున్న చప్పుడు. తర్వాత వదిన ఏడుపు వినిపించింది, ఆపుకోవాలని చూస్తూ, ఆపుకోలేక. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి వింటున్నాను. ఆటపట్టించడానికి ఇంతకంటే మంచి అవకాశం మళ్ళీ దొరకదు. అయినా ఒక్క మాటా అనకుండా, ఆవిడ ఏడవడం అయ్యేదాకా ఫోను పట్టుకుని అక్కడే నిలబడ్డాను.